పాత గేమింగ్ కంప్యూటర్: ముందుగా చూడవలసింది మదర్‌బోర్డును

సంపాదకులకు,

నమస్కారం. ఏడెనిమిదేళ్ల కిందటి గేమింగ్ కంప్యూటర్ ఉన్నవారికి సాధారణంగా రెండే సలహాలు దొరుకుతున్నాయి. పాతబడింది కనుక దాన్ని పక్కన పెట్టి కొత్తది కొనుక్కోమనేది ఒకటి, మంచి గ్రాఫిక్స్ కార్డు వేస్తే ఇంకొన్నేళ్లు ఢోకా లేదనేది రెండోది. రెండూ క్యాబినెట్ తెరిచి చూడకుండా ఇచ్చే సలహాలే. నా దృష్టిలో ఈ ప్రశ్నకు జవాబు కంప్యూటర్ వయసును బట్టి కాక, అందులోని మదర్‌బోర్డును (భాగాలన్నీ అమరే ప్రధాన బోర్డును) బట్టి ఉంటుంది. బోర్డు జోలికి పోకుండా మార్చగలిగినంత మేర అప్‌గ్రేడ్ గిట్టుబాటవుతుంది. బోర్డే మార్చవలసి వస్తే చాలా సందర్భాల్లో ప్రాసెసర్, ర్యామ్ కూడా దాని వెంటే మారతాయి కనుక, దాన్ని అప్‌గ్రేడ్ అనుకోవడం కంటే కొత్త కంప్యూటర్ కొంటున్నామని ఒప్పుకొని లెక్క వేసుకోవడం మేలు.

2017లో కొన్న రెండు కంప్యూటర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. ఆ ఏడాది ఏఎండీ మొదటి తరం రైజెన్ ప్రాసెసర్లు ఏఎం4 అనే సాకెట్‌తో (బోర్డు మీద ప్రాసెసర్ అమరే గూడు) వచ్చాయి. బోర్డు తయారీదారులు తర్వాత విడుదల చేసిన కొత్త బయోస్‌ల (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) పుణ్యమా అని, అప్పటి బోర్డుల్లో చాలావాటిలో 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ సైతం పనిచేస్తుంది. 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ) ఉన్న ఆ ప్రాసెసర్ గేముల్లో తర్వాతి తరాలతోనూ పోటీపడగలిగింది. అదే ఏడాది ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్‌తో బోర్డు కొన్నవారి సంగతి వేరు. ఏడాది తిరగకుండానే వచ్చిన ఎనిమిదో తరానికి సాకెట్‌లో పిన్నుల సంఖ్య అదే 1151 అయినా, ఇంటెల్ దానికి కొత్త బోర్డును తప్పనిసరి చేసింది. దాంతో వారు నాలుగు కోర్ల (ప్రాసెసర్‌లో పనిచేసే విభాగాలు) దగ్గరే ఆగిపోయారు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అనుమతించే ప్రాసెసర్ల జాబితాలో మొదటి తరం రైజెన్ లేదు, ఏడో తరం ఇంటెల్‌లో కొద్దిపాటి మినహాయింపులు తప్ప మిగిలినవీ లేవు. మొదటివారికి ఒక్క ప్రాసెసర్ మార్పుతో ఆ చిక్కు కూడా తీరుతుంది, రెండోవారికి బోర్డు మార్చడం తప్ప దారి లేదు. కొన్ననాడు సమానంగా కనిపించిన యంత్రాలే ఇవి.

ఇలా ప్రాసెసర్ మార్చేవారు బయోస్ అప్‌డేట్‌ను పాత ప్రాసెసర్ ఉండగానే పూర్తిచేయాలి. ముందే తీసేస్తే చాలా బోర్డులు కొత్తదాన్ని గుర్తించక తెర వెలగదు. కూలర్‌ను ఊడదీసే ముందు కంప్యూటర్‌ను కాసేపు నడిపి, ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి వదులు చేసుకోవాలి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసిన థర్మల్ పేస్ట్ ఎండి గట్టిగా పట్టేసి ఉంటుంది. చల్లారిన కూలర్‌ను ఒక్కసారిగా పైకి లాగితే ఏఎం4 ప్రాసెసర్ సాకెట్ నుంచి కూలర్‌తో సహా ఊడివచ్చి, దాని అడుగున ఉన్న సన్నని పిన్నులు వంగిపోవచ్చు.

అసలు ఏ భాగం మార్చాలో పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. నెమ్మదించిన గేములోనే రిజల్యూషన్‌ను బాగా తగ్గించి చూడాలి. ఫ్రేముల (సెకనుకు తెరపై వచ్చే చిత్రాల) సంఖ్య పెరిగితే భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీద ఉన్నట్టు, పెద్దగా పెరగకపోతే ప్రాసెసరే అందుకోలేకపోతున్నట్టు. రెండో సందర్భంలో ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా అది ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. సగటు బాగానే ఉండి ఆట మధ్యమధ్య కుదుపులకు లోనవుతుంటే, కొత్త కార్డుకు ముందు ర్యామ్ చాలుతోందా, ఒకే ర్యామ్ స్టిక్‌తో నడుస్తోందా, ఫ్యాన్లలో దుమ్ము పేరుకుందా అన్నవి చూసుకోవాలి.

కొత్త కార్డు అన్న మాటనే నమ్ముకుంటే ఏమవుతుందో 2022లో వచ్చిన రేడియన్ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చూపించింది. తక్కువ బడ్జెట్‌లో పాత యంత్రాన్ని బాగుచేసుకునేవారిని ఆకర్షించే కార్డు అది. కానీ దానికి ఉన్నవి నాలుగు పీసీఐఈ లేన్లు (కార్డుకూ బోర్డుకూ మధ్య సమాచారం నడిచే దారులు), 4 జీబీ మెమరీ. పీసీఐఈ 4.0 బోర్డులో ఫర్వాలేదు, పాత 3.0 బోర్డులో మాత్రం ఆ దారి సగానికి కుంచించుకుపోతుంది. కార్డు మెమరీ నిండిన ప్రతిసారీ ఆ ఇరుకు దారిలోనే సమాచారం తెచ్చుకోవాలి. పాత బోర్డు ఉన్నవారికి పనికిరావలసిన కార్డు వారి దగ్గరే ఎక్కువ నష్టపోయింది. ఇది నాకు చాలా అన్యాయంగా తోచింది. పాత ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు విద్యుత్తు అందించే భాగం) సంగతి కూడా మరవకూడదు. స్లాట్ నుంచి కార్డుకు అందేది 75 వాట్లు, 8 పిన్నుల తీగ ఇచ్చేది మరో 150. ఆ తీగ లేదని హార్డ్ డిస్క్ తీగకు అడాప్టర్ తగిలించి నెట్టుకురావడం ప్రమాదకరం.

హార్డ్ డిస్క్‌కు బదులు వాడే వేగవంతమైన ఎస్ఎస్‌డీ విషయంలో నాకు సందేహమే లేదు. ఫ్రేములు పెంచకపోయినా లోడింగ్ నిరీక్షణను తగ్గిస్తుంది, రేపు కొత్త కంప్యూటర్ కొన్నా దానిలోకి మారుతుంది. పాత తరం డీడీఆర్3 ర్యామ్ మాత్రం కొత్తగా కొనదగినది కాదు, అది కొత్త బోర్డులకు పనికిరాదు.

అయితే పాత కార్డులను కాపాడుకోవడానికీ హద్దు ఉంది. 2017 నాటి జీటీఎక్స్ 1080 టీఐకి 11 జీబీ మెమరీ ఉన్నా, రే ట్రేసింగ్‌కు (గేములో వెలుగునీడలను సహజంగా లెక్కించే పద్ధతి) ప్రత్యేక హార్డ్‌వేర్ లేదు. 2024 డిసెంబరులో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్’ గేము అలాంటి హార్డ్‌వేర్‌ను కనీస అవసరంగానే పెట్టింది. ఆ తరం కార్డులకు గేముల కోసం ప్రత్యేకంగా ఇచ్చే డ్రైవర్లు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) 2025 అక్టోబరుతో ఆగుతాయని, ఆపై 2028 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లు మాత్రమే ఉంటాయని ఎన్విడియా ప్రకటించింది. ఆడేవి పాత గేములే అయితే ఇవేవీ అడ్డు కావు. అలాంటి కంప్యూటర్‌ను పారేయమనడం నాకు బాధ కలిగిస్తుంది. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్కల ప్రకారం 2022లో ప్రపంచంలో పోగుపడిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు, అందులో సక్రమంగా రీసైకిల్ అయినట్టు నమోదైంది నాలుగో వంతు కూడా లేదు.

కొత్త గ్రాఫిక్స్ కార్డులను సమీక్షించేవారు వాటిని దాదాపు ఎప్పుడూ అప్పటికి అత్యంత వేగవంతమైన ప్రాసెసర్‌తో జతచేసి పరీక్షిస్తారు. కార్డు సత్తా తేలడానికి అది సరైన పద్ధతే కానీ, ఆ అంకెలు చూసి కొనే పాత యంత్రం యజమానికి తన ఇంట్లో ఏమి దక్కుతుందో తెలియదు. మీ సాంకేతిక పేజీలో ఇకపై అలాంటి సమీక్ష వచ్చినప్పుడు, అదే కార్డును పీసీఐఈ 3.0 బోర్డులో, ఐదారేళ్ల కిందటి ప్రాసెసర్‌తో కూడా నడిపి, ఆ ఫలితాలను పక్కనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు