ఇన్‌పుట్ డెస్క్‌లో చేరిన అమ్మాయికి

శ్రీకాకుళం

చిరంజీవి సౌజన్యకు నాన్న ఆశీస్సులు.

తుపాను వచ్చిన రోజున మన జిల్లా నుంచి గంటల తరబడి ఒకే దృశ్యాన్ని ఎందుకు తిప్పుతారని, విలేకరుల నుంచి వార్తలు, దృశ్యాలు తెప్పించే మీ టీవీ చానల్ ఇన్‌పుట్ డెస్క్‌లో నవ్వుకున్నట్లు రాశావు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి, సెల్‌ఫోన్లు మూగబోయాయి. విలేకరి వీపున మోసే లైవ్ కిట్ కొన్ని సిమ్‌కార్డుల డేటాను కలిపి దృశ్యాన్ని పంపే పరికరం కనుక, టవర్లు పనిచేయని చోట అది ఉత్త బరువే. పైన డిష్ ఉండే ఓబీ వ్యాన్ దృశ్యాన్ని నేరుగా ఉపగ్రహానికే పంపుతుంది, దానికి టవర్లతో పని లేదు. కానీ గాలి ఉద్ధృతంగా ఉన్నంతసేపు డిష్ ఎత్తలేరు, కుండపోత వానలో సిగ్నల్ సన్నగిల్లుతుంది, పైగా ఏ విశాఖ నుంచో రావలసిన ఆ బండికి దారిలో పడిన చెట్లను ముందు ఎవరైనా తొలగించాలి. ఇక మిగిలేది మండల విలేకరి, అతని మోటారు సైకిలు, అతని ఫోను. మందస లోపలి ఊళ్లలో తీసిన వీడియోను జేబులో పెట్టుకుని సిగ్నల్ దొరికే చోటికి అతడు వెళ్తూ ఉంటే, అక్కడ మీరు పొద్దుటి అలలనే తిప్పుతూ ఉంటారు. తిప్పడంలో తప్పు లేదు. అవి ఎప్పుడు, ఎక్కడ తీసినవో తెర మీద వేయకపోవడం మాత్రం తప్పే.

అంతకంటే నాకు కష్టం కలిగించేది ఫోనోలో, అంటే విలేకరిని ఫోన్‌లో ప్రత్యక్షంగా మాట్లాడించేటప్పుడు, అడిగే మొదటి ప్రశ్న: "ఎంతమంది చనిపోయారు?" 2017 జనవరి 21 రాత్రి కూనేరు దగ్గర హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పినప్పుడు క్షతగాత్రులను కొందరిని పార్వతీపురానికి, కొందరిని ఒడిశాలోని రాయగడకు తరలించారు. పట్టాల పక్కన చీకట్లో నిలబడ్డ మనిషికి రెండు రాష్ట్రాల ఆసుపత్రుల లెక్క ఎలా తెలుస్తుంది? అతన్ని కళ్లెదుట ఉన్నది చెప్పమని అడుగు. సంఖ్యను రైల్వే అధికారుల నుంచి, కలెక్టరు కార్యాలయంలోని కంట్రోల్ రూమ్ నుంచి తీసుకుని, ఎవరు చెప్పినదో స్క్రోలింగ్‌లోనే వేయించు. పోటీ చానల్ పెద్ద అంకె వేసిందని మీ బాస్ కేకలు వేస్తారు, వేయనీ.

మన వైపు విలేకరుల్లో చాలామందికి జీతం ఉండదని, పంపిన వార్తకు ఇంత అని మాత్రమే ఇస్తారని నీకు తెలుసు. తడిసి పాడైన ఫోను ఖర్చు అతనిదే అవుతుంది. కాబట్టి ఈసారి కళింగపట్నం ఓడరేవులో హెచ్చరిక ఎగరేసిన రోజునే, ఇంకా కరెంటు ఉండగానే, అతనికి ఫోన్ చేసి పవర్‌బ్యాంకు, పెట్రోలు డబ్బులు మీ ఆఫీసు చేత పంపించు. టవర్లు పోతే ఎక్కడి నుంచి, ఏ వేళకు మాట్లాడతాడో ముందే అనుకోండి.

మీ నాన్న