విమానం దించని పైలట్‌కి, పక్క సీటు అన్నకి థ్యాంక్స్

వైజాగ్‌లో దించకుండా విమానాన్ని వెనక్కి తిప్పిన పైలట్ గారికి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన పక్క సీటు అన్నకి మా ఇంటిల్లిపాది తరఫున బోలెడు థ్యాంక్స్. పోస్టు పెట్టావా లేదా అని అమ్మ రోజూ అడుగుతోంది, అందుకే ఆలస్యమైనా రాస్తున్నా.

అల్పపీడనం వానల్లో అమ్మానాన్న హైదరాబాద్ నుంచి వైజాగ్ బయల్దేరారు. ఇక దిగిపోయాం అనుకునేలోపు ఇంజన్లు ఒక్కసారిగా హోరెత్తి విమానం మళ్లీ పైకి లేచిందట. అమ్మ కళ్లు మూసుకుని దండకం అందుకుంది. కాసేపు గాల్లో తిరిగి, వాన తగ్గక హైదరాబాద్ వెళ్లిపోతున్నామని చెప్పేసరికి కొందరు పాపం ఆ ఎయిర్‌హోస్టెస్ అమ్మాయిల మీద విరుచుకుపడ్డారు, "లైట్లు కనపడ్డాయిగా, దించడానికేం రోగం" అన్నవాళ్లలో మా నాన్న కూడా ఉన్నారు (ఈ ముక్క ఆయన అనుమతితోనే రాస్తున్నా).

పక్క సీటు అన్న విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేస్తాడట. నాన్న రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్ అని తెలిసి, "అంకుల్, వానలో అరకు ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ తొక్కితే బండి ఎక్కడ ఆగుతుందో మీకు నేను చెప్పాలా?" అన్నాడట, నాన్న ఇక నోరెత్తలేదు. రన్‌వే మీద నీళ్లు నిలిస్తే టైర్లు నేలను పట్టుకోకుండా నీటి పొర మీద తేలిపోతాయి, వెనక నుంచి గాలి తోస్తే ఆగడానికి ఇంకా ఎక్కువ దూరం కావాలి, అందుకే వేరే ఊరు వెళ్లడానికి సరిపడా ఇంధనం ముందే వేసుకుని వస్తారు అని ఓపిగ్గా చెప్పాడు. కేరళలోని కోజికోడ్‌లో జరిగిన విమాన ప్రమాదం సంగతి మాత్రం అమ్మ చెవిన పడకుండా నాన్నకి ఒక్కడికే చెప్పాడట.

అది విన్నాక నేనూ చదివాను. 2020 ఆగస్టు 7న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం అది, గుట్టను చదును చేసి కట్టిన టేబుల్‌టాప్ రన్‌వే, జోరువాన, పైగా కెప్టెన్ వైపు వైపర్ సరిగా పనిచేయలేదు. మొదటిసారి దించలేక పైకి లేచారు. రెండోసారి అవతలి వైపు నుంచి వచ్చి, వెనక గాలితో, సుమారు 2,700 మీటర్ల రన్‌వేలో దాదాపు సగం దాటాక చక్రాలు ఆనించారు. ఆనడానికి కాస్త ముందు కో-పైలట్ "గో అరౌండ్" (అంటే దించకుండా మళ్లీ పైకి లేపమని) అన్నాడని దర్యాప్తు నివేదికలో ఉంది. విమానం రన్‌వే చివర దాటి కిందపడి ముక్కలైంది, 190 మందిలో ఇద్దరు పైలట్లతో సహా 21 మంది పోయారు. ఆ కెప్టెన్ వైమానిక దళంలో చేసిన చేయి తిరిగిన మనిషి. కరోనా భయంతో మనిషిని మనిషి ముట్టుకోని ఆ రోజుల్లో చుట్టుపక్కల జనం ఆ వానలోనే పరుగెత్తుకొచ్చి, గాయపడ్డవాళ్లను తమ కార్లలో ఆసుపత్రులకు చేర్చి, ఆ తర్వాత క్వారంటైన్‌లోకి వెళ్లారు. వాళ్లకి కూడా ఇక్కడే ఒక దండం.

విమానం లేటైతే చాలు పైలట్‌ని తిడుతూ వీడియోలు పెట్టేవాళ్లు ఆ నివేదిక ఒక్కసారి చదవాలి.

శంషాబాద్‌లో దిగాక కౌంటర్ దగ్గర సరిగ్గా సమాధానం చెప్పే నాథుడే లేడట. ఈ అన్నే వీల్‌చైర్ వచ్చేదాకా కదలకుండా, షుగర్ ఉన్న అమ్మకి ఇడ్లీ తెచ్చిపెట్టి, వైజాగ్ ఎయిర్‌పోర్టు బయట టెన్షన్‌తో చస్తున్న నాకు ఫోన్ చేసి "ఇద్దరూ క్షేమం తమ్ముడూ, నేనున్నా" అన్నాడు. చేసింది నాన్న ఫోన్ నుంచే, అందుకే ఆయన నంబరు మా దగ్గర లేదు.

అన్నా, ఇది నీ కంటపడితే ఒక మెసేజ్ పెట్టు. నీ నల్ల పవర్ బ్యాంక్, మూల సొట్టపడింది, అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉండిపోయింది. కొరియర్ చేస్తానంటే, ఉత్త పవర్ బ్యాంక్ ఎలా పంపుతాం, అరిసెలు వండాక పంపుదాం ఆగమంటోంది అమ్మ.