ముందు స్లాబ్ సంగతి రాయండి

సంపాదకులకు నమస్కారం.

మొదటి ఇల్లు పాతదైనా సరే కొనుక్కుని, అందులోనే ఉంటూ బాగుచేసుకుంటే కొన్నేళ్లకు మంచి ఆస్తి చేతిలో ఉంటుందని పది రోజుల కిందట మీ ఇళ్ల పేజీలో రాశారు. ఆ మాటలో తప్పు లేదు. తొమ్మిదేళ్లుగా మేం చేస్తున్నది అదే. కానీ దానికి వేసిన ఫొటోలు చూశాక ఒళ్లు మండింది. కొత్త వంటగది, ఫాల్స్ సీలింగ్, మెరిసే టైల్స్. ఇంటి విలువ ఉండేది వాటిలోనా?

ముందు లెక్క చూడండి. ఇంటి విలువలోంచి బ్యాంకు అప్పు తీసేస్తే మిగిలేదే మనది. ఈఎంఐ కడుతూ పోతే అది దానంతటదే పెరుగుతుందని ఒక్క ముక్కలో తేల్చేశారు. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు తీసుకుంటే మొదటి నెల కట్టే దాంట్లో ఆరింట ఐదు వంతులు వడ్డీకే పోతుంది. ఐదేళ్లు ఒక్క నెల తప్పకుండా కట్టినా తీరే అసలు సుమారు 11 శాతమే. సగం తీరడానికి 14 ఏళ్లు పడుతుంది. అలాంటప్పుడు చేతిలో ఉన్న కాస్త డబ్బూ మొదటి ఏడాదే పైమెరుగులకు పోస్తే, స్లాబ్ కారిన రోజున ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మేం చేసిన పొరపాటు అదే. ఇంట్లో దిగగానే హాల్లో సీలింగ్ చేయించాం. రెండో వానాకాలానికి దాని నిండా మరకలు. విప్పి చూస్తే పైన స్లాబ్ పెచ్చులూడి ఇనుము బయటపడి ఉంది. చెమ్మ దిగి ఇనుము తుప్పు పడితే అది ఉబ్బి కాంక్రీటును బయటికి తోస్తుందని, పైన సిమెంటు పూసి రంగేస్తే ఆగదని మేస్త్రీ చెప్పేదాకా మాకు తెలియదు. తుప్పు గీకించి, స్లాబ్ మరమ్మతు చేయించి, డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ వేయించి మళ్లీ మొదటికొచ్చాం. వైరింగ్ కూడా అంతే. ఎర్తింగ్ లేని ఇంట్లో గీజర్ పెట్టుకుని రెండేళ్లు ఉన్నామంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. వంట, పడక, పిల్లల పుస్తకాలు ఒకే గదిలో సర్దుకుని ఆ దుమ్ములో ఐదు నెలలు గడిపాం. అక్కడే ఉన్నందుకు అద్దె మిగిలింది, ఏ గోడ ఎప్పుడు చెమ్మెక్కుతుందో కళ్లారా చూశాం. కొనేముందు గంటసేపు తిరిగి చూస్తే అది కనపడదు.

తర్వాత టాప్-అప్ లోన్, అంటే ఉన్న ఇంటి అప్పు మీదే ఇంకొంత అప్పు, అడిగితే బ్యాంకు పంపినాయన వచ్చి కొలతలు తీసుకున్నాడు, కట్టడం వయసు అడిగాడు, గోడలూ స్లాబూ చూశాడు, ప్లాను ఉందా అన్నాడు. టైల్స్ వంక చూడనైనా లేదు.

ఆ ప్లాను గురించే ఇంకో బాధ. వెనక ఒక గది వేసుకుందామని అనుమతికి దరఖాస్తు పెట్టాం. పాత ప్లాను ఆఫీసు రికార్డుల్లో ఉండాలి. వెతికితే లేదట, మీరే తెచ్చివ్వండి అన్నారు. వాళ్లు పోగొట్టింది మేమెక్కడి నుంచి తేవాలి? ఒకాయన బదిలీ అయ్యాడు, ఆయన చోట వచ్చినాయనకు ఫైలు తెలియదు, అంతా తెలిసినాయన సీట్లో ఉండడు. ఏడు నెలలయింది. అనుమతి లేకుండా కట్టుకున్నవాళ్లను ఎవరూ అడగడం లేదు, అడిగి కట్టుకుందామన్న మమ్మల్ని తిప్పుతున్నారు. ఇంటి పన్ను పెంచాలంటే మాత్రం టేపు పట్టుకుని చెప్పిన రోజుకు వచ్చేస్తారు.

దయచేసి వచ్చే వారాల్లో ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుతో రాయించండి. ఏ గోడ కదిలించకూడదు, ఏ పని ముందు చేయించాలి, కొనేముందు ఎవరికి చూపించుకోవాలి అన్నవి అందులో ఉండాలి. మా ఆఫీసులో ఒకమ్మాయి మీ వ్యాసం కత్తిరించి దాచుకుంది. వచ్చే నెలలో పాత ఇల్లు కొంటోంది, ఫొటోలో ఉన్న వంటగదికి అప్పుడే అడ్వాన్స్ ఇద్దామనుకుంటోంది.

– ఒక పాఠకురాలు