పార్శిల్‌కి ఆధార్ అక్కర్లేదా? రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మాకు స్పేర్ పార్టుల షాపు ఉంది. మా సరుకులో చాలా భాగం రాత్రి బస్సుల్లోనే వెళ్తుంది. ఎక్కడో కర్నూలు దగ్గర లారీ ఆగిపోయిందని ఫోన్ వస్తే, సాయంత్రం డబ్బా కట్టి బస్సులో వేస్తాం. తెల్లారేసరికి అక్కడి మెకానిక్ చేతిలో ఉంటుంది. ఈ సౌకర్యమే లేకపోతే మాలాంటి వాళ్ళకి వ్యాపారం లేదు. కాబట్టి పార్శిళ్ళు ఆపేయమని రాయడం లేదు. లోపల ఏముందో చూసే మనిషిని పెట్టమని రాస్తున్నాను.

మీరు ఎవరో చెప్పకుండా ఒక సాయంత్రం బెంజి సర్కిల్ దగ్గర ఏదైనా ట్రావెల్స్ ఆఫీసు ముందు నిలబడండి. కౌంటర్లో కుర్రాడు అట్టపెట్టె మీద మార్కర్‌తో ఊరి పేరు, తీసుకునేవాళ్ళ ఫోన్ నంబర్ రాస్తాడు. డబ్బులు తీసుకుంటాడు. క్లీనర్ దాన్ని డిక్కీలోకి తోసేస్తాడు. దాని పైనే బెర్తులు, బెర్తుల్లో పిల్లలతో సహా నిద్రపోయే జనం. ఒకసారి నేను అడక్కుండానే “బేరింగులు” అని చెప్పబోయాను. “సరేలే అన్నా, బరువెంత?” అన్నాడు. అంతకుమించి ప్రశ్న లేదు.

స్త్రీశక్తి పథకంలో జీరో టికెట్ కావాలంటే మా ఆవిడ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. మంచిదే. ప్రైవేటు బస్సులో సీటు కిందికి వెళ్ళే పెట్టెకి మాత్రం ఏ కార్డూ అక్కర్లేదు! గన్నవరంలో విమానం ఎక్కేటప్పుడు చెక్-ఇన్ బ్యాగులో ఒక్క పవర్ బ్యాంక్ ఉన్నా తీయిస్తారు. అవే పవర్ బ్యాంకులు పెట్టెలకి పెట్టెలు బస్సులో వెళ్ళినా అడిగే నాథుడు లేడు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర జరిగింది మీకు నేను చెప్పాలా? బైకు బస్సు కింద ఇరుక్కుని మంటలు లేచాయి. డిక్కీలో సెల్‌ఫోన్ల పార్శిల్ ఉందని, ఆ బ్యాటరీలు పేలి మంటలు ఇంకా పెరిగాయని వార్తల్లో చదివాం. ఆ తర్వాత కొన్నాళ్ళు మీ శాఖ వాళ్ళు ప్రైవేటు బస్సుల్ని గట్టిగానే తనిఖీ చేశారు. మేం సరుకు ఇచ్చే కౌంటర్లలో మాత్రం నాకు ఏ మార్పూ కనబడలేదు.

అది ప్రమాదం. కావాలనే బాంబు పెట్టేవాడు వచ్చినా అతనికి దొరికేది ఇదే తోవ. 2014 మే 1న చెన్నై సెంట్రల్లో గువాహటి రైల్లో బాంబులు పేలినప్పుడు చనిపోయింది ఇంటికి వస్తున్న మన గుంటూరు అమ్మాయి. ఆ రైలు వచ్చేది విజయవాడ మీదుగానే. కుట్ర కూడా అక్కర్లేదు. 2024 దీపావళి రోజున ఏలూరులో స్కూటర్ మీద తీసుకెళ్తున్న ఉల్లిపాయ బాంబులు పేలి ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ సంచే బస్సు డిక్కీలో ఉండుంటే?

అదే ఏడాది సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకి సరితూకంగా ఉండే బరువు దిమ్మెలు (కౌంటర్ వెయిట్లు) విరిగాయి. కుట్రా కాదా అని టీకొట్ల దగ్గర నెలరోజులు వాదించుకున్నాం. ఎవరు వదిలారన్నది పోలీసులు చూసుకునే సంగతి. వరద రాకముందు ఏ పడవ ఎక్కడ, ఎంత గట్టిగా కట్టి ఉందో చూడాల్సింది ఎవరు? ఈ లేఖలో నేను అడుగుతున్నది ఇలాంటి ప్రశ్నే.

అమెరికాలో 2001 దాడుల తర్వాత రవాణా భద్రతకి టీఎస్ఏ అని ప్రత్యేక సంస్థ పెట్టారు. ముప్పు ఎటునుంచి, లొసుగు ఎక్కడ, జరిగితే నష్టం ఎంత – ఈ మూడూ కలిపి లెక్కకట్టకుండా డబ్బు ఎక్కడ పెట్టాలో ఎలా నిర్ణయిస్తారని 2009లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ దాన్ని నిలదీసింది. ఆ నివేదిక ఎవరైనా చదువుకోవచ్చు. వాళ్ళని చూసి మనం పెద్ద పెద్ద యంత్రాలు కొనాలని కాదు. మన రైల్వేస్టేషన్ గేటులో ఉన్న మెటల్ డిటెక్టర్ అందరికీ కూస్తుంది, కూసినా తల ఎత్తి చూసేవాళ్ళు నాకు కనబడరు. ఇంకో పది కొని ఏం లాభం?

మన దగ్గర ఆ లెక్క కట్టేది ఎవరు? రైల్వేస్టేషన్లో రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) కేంద్రానిది, రైల్వే పోలీసులు (జీఆర్పీ) రాష్ట్రానికి చెందినవాళ్ళు. నెహ్రూ బస్టాండు ఆర్టీసీది. విమానాశ్రయాల భద్రతకి నియమాలు పెట్టడానికి బీసీఏఎస్ అనే కేంద్ర సంస్థ ఉంది. బెంజి సర్కిల్, వారధి, రామవరప్పాడు రింగ్ దగ్గర రోడ్డు పక్కన ఎక్కించే ప్రైవేటు బస్సులు ఎవరి లెక్కలోకి వస్తాయి? పర్మిట్ లేకుండా సరుకు వేశారని మీ వాళ్ళు కేసు రాస్తారు. జరిమానా కడతారు. మర్నాడు అదే బస్సు అలాంటి సరుకుతోనే బయలుదేరుతుంది. జరిమానా కూడా పార్శిల్ చార్జీల్లో కలిసిపోయిందని మాకందరికీ తెలుసు.

అయ్యా, పార్శిల్ పంపేవాడి గుర్తింపు కార్డు నంబర్ రాసుకుని, సరుకు ఏమిటో రాయించి సంతకం తీసుకుని, పెట్టె తెరిచి చూసి, అక్కడే టేపు వేసి రసీదు ఇవ్వాలి. బ్యాటరీలు, యాసిడ్, పెయింట్, టపాకాయలు ప్రయాణికుల బస్సులో ఎక్కించకూడదు. ఇలా పద్ధతిగా చేసే కౌంటర్లకి లైసెన్సు ఇవ్వండి, ఆర్టీసీకైనా ప్రైవేటుకైనా ఒకటే నియమం పెట్టండి. లైసెన్సు లేని చోట పెట్టె ఎక్కితే బస్సునే ఆపండి. రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రకారం ప్రమాదకర సరుకు రైల్లో తెస్తే మూడేళ్ళ దాకా జైలు. బస్సు విషయంలోనూ అంత గట్టి మాట ఉండాలి.

మాకు పెట్టెకి ఐదు నిమిషాలు ఆలస్యమవుతుంది, పదో ఇరవయ్యో ఎక్కువ పడుతుంది. ఆటోనగర్లో కొందరు నన్ను తిడతారు కూడా. పడతాను.

2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. ఈలోగా పోలీసులు, ఆర్టీఏ, ఆర్టీసీ, అగ్నిమాపక శాఖ, రైల్వే వాళ్ళు ఒక్క బల్ల దగ్గర కూర్చుని విజయవాడ వరకైనా ఆ లెక్క కట్టించండి. రహస్యంగా ఉంచాల్సింది ఉంచుకోండి, మిగతాది తెలుగులో అచ్చువేసి మాకూ చూపించండి. మొదటి కౌంటర్ ఆటోనగర్ దగ్గరే పెడితే మా షాపు డబ్బాలు టేపు వేయకుండానే పంపిస్తాం.

ఇట్లు,
ఆటోనగర్ స్పేర్ పార్టుల వ్యాపారి,
విజయవాడ