ఆ పసుపు లైటు

బరంపురం,
ఆదివారం.

అమ్మలూ,

నీ ఫోను వచ్చి ఇరవై రోజులైంది. ఇక్కడ అంతా కులాసా. అమ్మ మేడ మీద అప్పడాలు ఎండబెట్టింది, కాకుల్ని తోలే పని నాది. గుంటడికి జలుబు తగ్గిందా? రాత్రి ఫ్యాను తగ్గించు.

మొన్న చిన్నాన్న పర్లాకిమిడి నుంచి వచ్చి, నీ కారెక్కానన్నాడు. మీటర్లో ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలుగుతోందట. 'బ్యాటరీ వైరు తీసి పెడితే ఆరిపోతుంది చిన్నాన్నా' అన్నావట. సరే, ఆ సంగతి తర్వాత. నువ్వు అడిగిన పట్టుచీర ఫాల్ కుట్టించాను.

లైటు నిలకడగా వెలుగుతోందా, ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటోందా? అది చెప్పు ముందు.

ఆ కారే కదా, నువ్వు హాస్టల్లో ఉండగా తప్తపాణి ఘాట్‌లో మమ్మల్ని ఏడిపించింది. ఎక్కుతుంటే పికప్ పోయింది, స్టీరింగ్ పట్టుకున్న చేతులు కూడా వణికాయి. లైటు టకటకా కొట్టుకుంది. అమ్మ ఆపమంది. వేడినీళ్ల కుండం దగ్గరే ఆపి ఉండాల్సింది, చీకటి పడుతోందని మోహనా దాకా తోలాను. మర్నాడు మెకానిక్ స్టీరింగ్ కింద, కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ గుచ్చితే పి0302 అని కోడ్ వచ్చింది, రెండో సిలిండర్ మిస్సింగ్, అంటే అందులో పెట్రోలు సరిగ్గా మండటం లేదు. కొత్తది కొనమనలేదు ఆ కుర్రాడు. రెండో సిలిండర్ ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ తీసి మూడోదానికి, దానిది దీనికి మార్చి కాసేపు తోలించాడు. ఈసారి పి0303 వచ్చింది, అంటే మూడో సిలిండర్. మిస్సింగ్ కాయిల్ వెంటే వెళ్లింది, అంటే దోషం కాయిల్‌దే. ఒక్క కాయిల్ ఖర్చుతో పోయేది, నేను ఆపకపోవడంతో మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి అక్కడ మండి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపలంతా కరిగిపోయింది. దానికైన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అందుకే చెప్తున్నాను, లైటు కొట్టుకుంటే పక్కన ఆపేయ్. నిలకడగా ఉంటే నెమ్మదిగా షెడ్డుకి వెళ్లు, కానీ వైరు మాత్రం తియ్యకు. లైటు వెలిగినప్పుడు ఇంజన్ వేడి ఎంత, స్పీడెంత అన్నది కంప్యూటర్ దాచుకుంటుంది. వైరు తీస్తే కోడ్‌తో పాటు అదీ చెరిగిపోతుంది. ఇంక మెకానిక్ ఏం చూసి చెప్తాడు? కోడ్ చూడగానే సెన్సార్ మార్చేస్తానంటే ఒప్పుకోకు. పాత బండి, రబ్బరు గొట్టం పగిలి గాలి లాగినా సెన్సార్ మీదే నేరం పడుతుంది. ముందు గొట్టాలు, ప్లగ్గులు చూడమను. పక్కన నిలబడి చూడు. ఎర్ర ఆయిల్ లైటు వస్తే మాత్రం మీటరు దూరం కూడా తోలకు, వెంటనే ఆపు.

పాఠం చెప్పకూడదనుకున్నాను, అయిపోయింది. గుంటణ్ణి వెనక కూర్చోబెట్టుకుని ఆ ఘాట్ దిగుతావని తలుచుకుంటే నిద్ర పట్టడం లేదమ్మా.

ఈ వారం నువ్వు బయల్దేరకు. శనివారం బస్సులో నేనే వస్తాను. పక్కింటాయన దగ్గర స్కానర్ అడిగి పెట్టాను. అప్పడాలూ చీరా తెస్తాను. ఈలోగా లైటు ఎలా వెలుగుతోందో రాత్రికి ఫోన్ చేసి చెప్పు, పది దాటినా ఫరవాలేదు.

నాన్న