కొత్త కోడలికి కూడా అంగన్‌వాడీలో భోజనం పెట్టండి

ఎడిటర్ గారికి,

మీ ఆదివారం పేజీలో కడుపులోని బిడ్డకు సంగీతం వినిపించడం గురించి అరపేజీ వ్యాసం వేశారు. ఫొటోలో అమ్మాయి పొట్ట మీద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నవ్వుతోంది. పాటల మీద నాకేం కోపం లేదు, విననివ్వండి. కానీ శబ్దానికి బిడ్డ స్పందించడం మొదలయ్యేదే ఆరో నెల దగ్గర. అప్పటికే జరిగిపోయిన అసలు పనుల గురించి ఆ అరపేజీలో ఒక్క ముక్క లేదు. నేను అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకంలో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. రంగారెడ్డి, నల్గొండ జిల్లాల పల్లెల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఆ ముక్క నేను రాస్తున్నాను.

నెల తప్పిన రెండు వారాలకల్లా బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకుపోతుంది. సరిగ్గా మూసుకోకపోతే వెన్నులో లోపంతో బిడ్డ పుడుతుంది. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర వేసుకుంటే ఈ లోపం చాలావరకు రాదని 1991లోనే బ్రిటన్ ఆధ్వర్యంలో పలు దేశాల్లో జరిగిన పరీక్షలో తేలింది. గుండె కొట్టుకోవడం కూడా ఆ రోజుల్లోనే మొదలవుతుంది. మూడో నెల నిండేసరికి ముఖ్యమైన అవయవాలన్నిటికీ ఒక రూపం వచ్చేస్తుంది. తర్వాతదంతా పెరగడం, ముదరడం.

మరి మన పల్లెల్లో కడుపుతో ఉన్న అమ్మాయి పేరు అంగన్‌వాడీ రిజిస్టర్‌లోకి ఎప్పుడు ఎక్కుతుంది? నేను చూసిన చాలా ఇళ్లలో ఆ మూడు నెలలూ గడిచాకే. ఇది నిర్లక్ష్యం కాదు, భయం. ఒక ఊళ్లో కోడలు ఒట్టి మనిషి కాదని ఆశా కార్యకర్త చెబితే వాళ్లింటికి వెళ్లాను. అత్త నన్ను వాకిట్లోనే ఆపి, గొంతు తగ్గించి, "మూన్నెల్లు నిండనియ్యుండ్రి మేడం. ఇప్పుడే పుస్తకంల రాస్తే ఊరంత తెలుస్తది, దిష్టి తగుల్తది" అంది. లోపల ఆ పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని పచ్చిపులుసు, అన్నం తింటోంది. పొద్దున్నుంచి కడుపులో ఏదీ నిలవడం లేదట. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది అదే. అత్త చెడ్డది కాదు. ఆవిడ పెద్ద కూతురికి రెండుసార్లు గర్భం పోయిందట, ఆ బెదురు ఆవిడది. దిష్టి అనేదే లేదని నేను వాదించి ఉంటే నన్ను మళ్లీ ఆ గడప ఎక్కనిచ్చేది కాదు.

తల్లి తిండి సంగతి చెప్పడానికి మనం ఎక్కడో విదేశాల ముచ్చట తేనక్కర్లేదు. మన హైదరాబాద్ పక్కన జరిగిందే చెబుతాను. 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు రంగారెడ్డి జిల్లాలో 29 ఊళ్లను తీసుకున్నారు. పదిహేను ఊళ్లలో కడుపుతో ఉన్నవాళ్లకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయానూనెతో చేసిన ఉప్మా. కడుపుతో ఉన్నవాళ్లకు అందులో 500 కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల ప్రొటీన్ ఉండేవి. పక్కనున్న 14 ఊళ్లకు అప్పటికి ఐసీడీఎస్ ఇంకా రాలేదు కాబట్టి అక్కడ ఈ తిండి లేదు. ఉప్మా పెట్టిన ఊళ్లలో పుట్టిన పిల్లలు సగటున ఓ అరవై గ్రాములు ఎక్కువ తూగారు. ఇంతేనా అనిపిస్తుంది. ఆ పిల్లలే 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక, 2003–05లో మళ్లీ వెళ్లి చూశారు. ఉప్మా ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్ల పిల్లలకన్నా 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. కొవ్వు మాత్రం ఎక్కువ లేదు. ఇన్సులిన్‌కు శరీరం మొండికేయడం, అంటే షుగర్ జబ్బుకు దారితీసే గుణం, వాళ్లలో ఇరవై శాతం తక్కువగా ఉంది. రక్తనాళాలు కూడా కాస్త మెత్తగా ఉన్నాయి. 2008లో ఇది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఇందులో తల్లి తిన్నదాని ఫలం ఎంత, పిల్లలు తిన్నదాని ఫలం ఎంత అని విడదీసి చెప్పలేం. అయినా ఇంటింటికీ షుగర్ మాత్రల డబ్బా ఉన్న ఈ రోజుల్లో చూస్తే, ప్రభుత్వం పెట్టిన తిండిలో ఇంత లాభం ఇచ్చింది ఇంకేముందో నాకు తెలియదు. ఆ ఊళ్ల వాళ్లలోనే చాలామందికి ఈ సంగతి తెలియదు. మీ జిల్లా ఎడిషన్‌లో రాయదగ్గ వార్త ఇది.

పుణె దగ్గర ఆరు ఊళ్లలో 1993 నుంచి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చేసిన పని కూడా చదవదగ్గది. అక్కడ పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండ్ బిడ్డలతో పోల్చితే కండ తక్కువ, కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. బక్కగా కనిపిస్తూనే లోపల కొవ్వు పట్టిన బిడ్డలన్నమాట. ఆకుకూరలు, పాలు, పండ్లు తరచుగా తిన్న తల్లుల బిడ్డలు కాస్త పుష్టిగా పుట్టారు. చాలామంది తల్లుల్లో బి12 విటమిన్ తక్కువగా ఉంది. బి12 తక్కువై, ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ మాత్రతో అందేది) మాత్రం బాగా ఉన్న తల్లుల పిల్లలకు ఆరేళ్ల వయసులో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని తేలింది. మాత్ర ఒక్కటి చేతిలో పెట్టి పంపేస్తే సరిపోదని నేను ఇందుకే అంటాను. బి12 ఉండేది పాలు, పెరుగు, గుడ్డు, మాంసంలో. కోడలి కంచంలోకి చివర వచ్చేవీ అవే.

ఇక నా మాటకు బలమిచ్చేది ముంబై పరిశోధన. అక్కడి మురికివాడల్లో గర్భం రాకముందు నుంచే ఆడవాళ్లకు ఆకుకూరలు, పండ్లు, పాలు కలిపిన చిరుతిండి సెంటర్‌లోనే కూర్చోబెట్టి తినిపించారు. ఇంకొందరికి ఉల్లి, ఆలుగడ్డ లాంటి వాటితో చేసింది పెట్టారు. మొత్తం మీద చూస్తే బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గర్భానికి మూడు నెలల ముందు నుంచైనా తిన్నవాళ్లను విడిగా చూస్తే మాత్రం బిడ్డ బరువు సగటున 48 గ్రాములు పెరిగింది. గర్భంలో వచ్చే షుగర్ రెండో గుంపులో 12.4 శాతం మందికి వస్తే, మొదటి గుంపులో 7.3 శాతానికే వచ్చింది. బాగా బక్కగా ఉన్న తల్లుల్లో మాత్రం బిడ్డ బరువు పెరగలేదు. నాకు అనిపించేదేమిటంటే, వాళ్లకు మూడు నెలలు కూడా చాలవు, పెళ్లికి ముందు నుంచే మొదలుపెట్టాలి.

2015 జనవరి నుంచి మన తెలంగాణ అంగన్‌వాడీల్లో ఆరోగ్యలక్ష్మి ఉంది. కడుపుతో ఉన్నవాళ్లకు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, పాలు. మంచి పథకం. దీన్నే పెళ్లైన నాటి నుంచి మొదలుపెట్టమని నా విన్నపం. కొత్తగా కాపురానికి వచ్చిన ప్రతి అమ్మాయీ వచ్చి తింటుంటే, ఎవరు నీళ్లు పోసుకున్నారో ఎవరు పోసుకోలేదో ఊళ్లో ఎవరికీ తెలియదు. మూడు నెలలు దాచుకోవాలనుకున్నవాళ్లు దాచుకోవచ్చు, ఆ అత్తకు దిష్టి భయమూ ఉండదు. రిజిస్టర్‌లో నెల రాయాల్సిన పనే లేదు, పేరు చాలు.

తిండి సెంటర్‌లోనే తినాలి. కరోనా కాలంలో సరుకులు ఇళ్లకు పంపాం, అప్పుడు వేరే దారి లేదు. కానీ ఇంటికి పోయిన గుడ్డు ఎవరి నోట్లోకి పోతుందో టీచర్లకు బాగా తెలుసు. గుడ్ల ట్రే చేత్తో పట్టుకుని వెళ్తున్న కోడలిని చూశాను. వాకిలి దాటేలోపే మరిది వచ్చి, "వదినా, నాకు ఆమ్లెట్" అని ట్రే అందుకున్నాడు. అన్నం, పప్పు సంగతీ అంతే, ఇంటి మొత్తానికీ సర్దుతారు.

కొత్త కోడలు రోజూ గడప దాటితే అత్తలు ఒప్పుకుంటారా అని అడుగుతారు. కొందరు ఒప్పుకోరు. నా అనుభవంలో పొదుపు సంఘం మీటింగ్ సెంటర్‌లోనే పెట్టించిన ఊళ్లలో ఈ గొడవ తగ్గింది. అత్త సంఘంలో ఉంటుంది, కోడలు ఆమె వెంటే వస్తుంది. ఆరోజు అత్తకూ ఒక గిన్నె పప్పన్నం పెట్టాలని టీచర్లకు చెప్పేదాన్ని. రూల్ కాదు అది, కానీ పనిచేసింది. పత్తి ఏరే రోజుల్లో మధ్యాహ్నం భోజనమంటే ఎవరూ రారు, పొద్దున తొమ్మిదిలోపే పెట్టాలి. ఈ వేళల సంగతి పైనుంచి ఆర్డర్‌తో తేల్చకుండా టీచర్‌కు వదిలేయండి.

పెళ్లైనవాళ్ల లిస్టు ఎక్కడ తేవాలి అనే ప్రశ్న కూడా రావచ్చు. ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం డబ్బు సాయం చేసే కల్యాణలక్ష్మి, షాదీముబారక్ దరఖాస్తులు తహసీల్దార్ ఆఫీసుకు వస్తాయి కదా. పెళ్లి తేదీ, పెళ్లికొడుకు వివరాలు వాటిలోనే ఉంటాయి. చెక్కు అమ్మాయి పుట్టింట్లో ఇస్తారు, ఆమె మాత్రం వేరే ఊళ్లో కాపురానికి వెళ్లి ఉంటుంది. దరఖాస్తు మంజూరైన రోజే అత్తగారి ఊరి అంగన్‌వాడీ టీచర్ ఫోన్‌కు ఒక మెసేజ్ వెళ్లేలా చేయమని మహిళా శిశు సంక్షేమ శాఖను కోరుతున్నాను. మీ పత్రిక తరఫున కూడా అడిగితే త్వరగా కదులుతుందని నా ఆశ.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఐసీడీఎస్ సూపర్‌వైజర్,
నల్గొండ జిల్లా