బైలడిల్లా ఎరుపు ఎక్కడిది?

అయ్యా,
విశాఖ పోర్టులో లేచే ఇనుప ఖనిజం దుమ్ము మీద చర్చంతా ఇక్కడితోనే ఆగిపోతోంది. దాని మూలం ఛత్తీస్‌గఢ్‌లో దంతెవాడ జిల్లాలోని బైలడిల్లా కొండల్లో ఉంది. ఏటా 40 లక్షల టన్నుల ఖనిజం ఇస్తామని 1960లో జపాన్‌తో ఒప్పందం కుదిరింది. దానికోసమే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. కిరండూల్ గని 1968లో, బచేలి గని 1977లో మొదలయ్యాయి. పెద్ద ఓడల కోసం విశాఖలో ఔటర్ హార్బర్ కూడా వచ్చింది.

బైలడిల్లాలో దొరికే హెమటైట్ అనే ఇనుప ఖనిజంలో ఇనుము దాదాపు 65 శాతం. బ్లాస్టింగ్‌లో విరిగిన రాయిని క్రషర్లో నలగ్గొట్టి, జల్లెడ పట్టి, 10 మిల్లీమీటర్లకు పైనున్నది లంప్, లోపుది ఫైన్స్ అని వేరు చేస్తారు. చిక్కంతా ఫైన్స్‌తోనే. ఎండకు దుమ్మై లేస్తుంది, వానకు జిగురుబంకలా జల్లెడలకూ, ఖనిజం జారే చూట్లకూ అతుక్కుని ప్లాంటు పని ఆపేస్తుంది. నీళ్లతో కడిగితే మట్టి పోతుంది, నిజమే. కానీ ఆ బురద నిలవాల్సిన టెయిలింగ్ డ్యామ్‌లో పూడిక తీయకపోతే తొలకరికే పొంగి వాగుల్లో పడుతుంది. అక్కడి శంఖిని నది నీళ్లు ఎరుపెక్కడానికి కొండ మీది వేస్ట్ డంపులు (పారబోసిన మట్టి, రాళ్ల గుట్టలు) కోసుకుపోవడమూ కారణమే.

పోర్టులో నీళ్లు చల్లడం సరే, డ్యామ్ పూడిక లెక్కలు ఏటా మే నెలలోనే బయటపెట్టాలి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం